రెండోది మొదట పెట్టు

ఇది జరిగింది. నాకే జరిగింది. నలభై ఏడేళ్ల వయసులో పలక పట్టి నేర్చుకున్న అక్షరాలతో రాస్తున్నాను. ఇందులో ఒక్క ముక్క కల్పించినా ఆ అక్షరాలు నన్ను వదిలిపోవాలి. అంతకంటే పెద్ద ఒట్టు నా దగ్గర లేదు.

ఆ రాత్రి నాతోపాటు ఇంకో మనిషి ఉంది. మా తమ్ముడి భార్య, పైడమ్మ. చప్పుడు ఇద్దరం విన్నాం. కానీ ఆమె విన్నది వేరు... నేను విన్నది వేరు.

మొదట్నుంచీ చెబుతాను.

శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్ళే దారిలో, లాడ్జీలు దాటాక, ఒక పాత పెంకుటింట్లో కృత్రిమ కాళ్ళు చేసే కేంద్రం ఉండేది. మోకాలి కింద కాలు పోయినవాళ్ళకి ఉచితంగా కాలు చేసి ఇచ్చేవారు. నేను అక్కడ ఊడ్చి, తుడిచి, తాళాలు తీసి, వచ్చినవాళ్ళని వరసలో కూర్చోబెట్టే మనిషిని. రాత్రిళ్ళు కూడా అక్కడే వెనక గదిలో పడుకునేదాన్ని.

కాలికి చివర తొడిగే రబ్బరు పాదాన్ని అక్కడ అందరమూ బూటు అనేవాళ్ళం. బూటు అరిగింది, బూటు పగిలింది, కుడి బూటు, ఎడమ బూటు. ఇంగ్లీషులో నేను మొదట నేర్చుకున్నవి ఏ, బీ కావు. ఎల్, ఆర్. అవి బూటు అడుగున ఉండేవి.

కంప్యూటరు గదిలో గోడకి ఒక ఇనుప రాక్. దాని పై అరలో ఏడు బూట్లు వరసగా ఉండేవి. అందులో మొదటిది అప్పలసామి మేస్త్రిది.

ఆయన గురించి చెప్పాలి. కేంద్రం మొదలైన నాటినుంచీ కాళ్ళు చేసింది ఆయనే. ఆయనకీ ఒక కాలు లేదు. తన కాలు తనే చేసుకుని, దాని మీద నడుస్తూ అందరికీ కాళ్ళు చేశాడు. వచ్చిన ప్రతి మనిషి మోడుకాలికీ సున్నపు పిండితో మూస తీసి, దాని మీద నంబరు వేసి, వెనక గోడౌన్లో పెట్టేవాడు. ఏ నంబరు ఎవరిదో, పొడవెంతో, చుట్టుకొలత ఎంతో కంప్యూటర్లో ఎక్కించేవాడు. ఒకటో నంబరు ఆయనదే. కాగితం పుస్తకం కూడా ఒకటి ఉండేది. ఒక వర్షాకాలం అది తడిసి ముద్దయిపోయింది. ఆ తర్వాత కంప్యూటరే దిక్కు.

ఆ రాత్రికి ముందేడు ఆయన పోయాడు. దహనానికి ముందు కాలు విప్పేశారు. దినాలయ్యాక ఆయన భార్య దాన్ని సంచిలో వేసుకుని వచ్చింది. “మా ఇంట్లో ఏటి సేస్తాను దీన్ని. మీకే పనికొస్తాది” అని చెప్పి ఇచ్చి వెళ్ళింది. మేం దాని పాదం రాక్ మీద మొదట పెట్టాం. ఎవరూ పెట్టమనలేదు. అక్కడ పెట్టాలనిపించింది.

ఇక ఆ కంప్యూటరు. అది చాలా పాతది. ఆన్ చేస్తే లోపల ముందు టిక్... టిక్... అని రెండుసార్లు. తర్వాత కిర్ర్ర్ అని తిరగలిలో గింజలు విసిరినట్టు. మళ్ళీ ఒక టిక్. అప్పుడు తెర మీద నాలుగు రంగుల జెండా బొమ్మ వచ్చేది. పదేళ్లు విన్నాను ఆ చప్పుడు. మా ఇంటి తలుపు చప్పుడు నాకెంత తెలుసో అదీ అంతే తెలుసు.

మేస్త్రి పోయిన మరుసటేడు అది రోజుకొకసారి ఆగిపోవడం మొదలుపెట్టింది. అందుకని విజయనగరం నుంచి శంకర్రావుని పిలిపించారు. నలభై ఏళ్ల మనిషి, నెమ్మదస్తుడు. కొత్త కంప్యూటరు ఒకటి తెచ్చి పక్కన పెట్టాడు. పాతదాన్ని విప్పి చూసి నాలుక చప్పరించాడు. నన్ను అప్పా అని పిలిచేవాడు, మా వైపు అక్కని అలాగే అంటారు.

“ఇది ఎన్నాళ్ళో బతకదప్పా. దీని లోపలున్నదంతా ఉన్నదున్నట్టు తీసి కొత్తదాన్లో పెట్టేస్తాను. కొత్తదాని తెర మీద ఒక కిటికీ తెరుసుకుంటాది. ఆ కిటికీలో ఈ పాతదే నడుస్తాది.”

నాకు అర్థమైనట్టే ఉంది, కానట్టే ఉంది. “అంటే ఏటి నాయనా, ఒళ్ళు ఇక్కడ ఒగ్గేసి పేనం అటు తోలేస్తావా?” అన్నాను.

అతను నవ్వాడు. “అచ్చం అదే. కాపోతే అది ఇంకా పాత పెట్టెలోనే ఉన్నాననుకుంటాది. పెట్టె మారిందని దానికి తెల్దు.”

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఆ మాట మనసులో ఉండిపోయింది.

సాయంత్రం దాకా పట్టింది. మొదటిసారి కిటికీ తెరిస్తే నీలం తెర, దాని మీద తెల్లటి అక్షరాలు. రెండోసారీ అదే. కొత్త ఇంట్లో తలుపెక్కడుందో దానికి తెలియడం లేదని శంకర్రావు చెప్పాడు. ఏవో మార్చాడు. మధ్యలో వెనక ఉన్న ప్లగ్గు అందక, రాక్ మీది బూట్లన్నీ దించి, రాక్ జరిపి, మళ్ళీ బూట్లు పెట్టేశాడు. ఐదు గంటలకి నాలుగు రంగుల జెండా వచ్చింది. పేర్ల జాబితా వచ్చింది. అంతా ఉంది.

కానీ చప్పుడు లేదు. కొత్తదానికి అసలు చప్పుడే లేదు. దీపం వెలిగినట్టు ఊరికే వెలుగుతుంది.

ఏ బొమ్మ మీద నొక్కాలో, ఏ పచ్చ గుర్తు నొక్కితే కిటికీ లేస్తుందో నాకు రెండుసార్లు చూపించాడు. పాత పెట్టెకి దాని తీగే చుట్టి బల్ల కిందికి తోసి, సంచి సర్దుకుని బస్సెక్కాడు.

పొద్దుగూకాక పైడమ్మ వచ్చింది. చెమటలు కారుతూ వచ్చింది.

మా తమ్ముడు ఎర్రయ్య గుజరాత్‌లో వేరావల్లో బోటు మీద వంట చేస్తాడు. వాడి ఎడమ కాలు అప్పలసామి మేస్త్రి చేసిచ్చిందే. అది పగిలిపోయిందని వారం కిందట ఫోన్లో చెప్పాడు. కర్ర పట్టుకుని గెంతుతున్నాడు. గెంతేవాణ్ణి సముద్రం మీదికి ఎవరు తీసుకెళతారు? బోటు కదిలేలోగా కాలు వస్తే సరే, రాకపోతే వంటకి ఇంకొకణ్ణి పెట్టుకుంటానని యజమాని చెప్పేశాడు. మా ఊరి మగవాళ్ళు కొందరు వచ్చేవారం అటు వెళుతున్నారు, వాళ్ళ చేత పంపుదాం అనుకున్నాం.

“వచ్చేవారం కాదంట వదినా. రేపే ఎల్లిపోతన్నారు” అంది పైడమ్మ. “మజ్జాన్నం ఆమదాలవలసలో రైలు. మళ్ళీ ఇటునుంచి అటు ఎల్లినోలు పండగయ్యాకే.”

ఇప్పుడు కాళ్ళు చేస్తున్న కూర్మారావు మేస్త్రికి ఫోన్ చేశాను. “మూస నంబరు, కొలతలు సిద్ధంగా ఎట్టండి. అయిదింటికి వచ్చేస్తాను. పదకొండుకి కాలు సేతిలో పెడతాను. ఆలిస్సమైతే మాత్రం నా వల్ల కాదు” అన్నాడు.

గోడౌన్లో నాలుగు వందల పైన మూసలున్నాయి. తెల్లగా, పొట్టిగా, కుండల్లా. అన్నిటి మీదా నంబర్లే. పేర్లు కంప్యూటర్లో.

“అంతేనా, చూసేద్దాం” అనుకున్నాను. అప్పుడే కరెంటు పోయింది.

గంట పోయాక వచ్చింది. చినుకులు పడుతున్నాయి. కొత్త కంప్యూటరు వెలిగింది. బొమ్మ నొక్కాను. పచ్చ గుర్తు నొక్కాను. కిటికీ తెరుచుకుంది... నల్లగా. ఆ నలుపు మీద ఒక్క వరస తెల్లటి అక్షరాలు. పక్కన ఒక చిన్న గీత ఆరుతూ, వెలుగుతూ.

జెండా రాలేదు.

శంకర్రావుకి ఫోన్ చేశాను. అప్పుడే ఇంటికి చేరి అన్నం తింటున్నాడట.

“ఏటి రాసుందప్పా తెర మీద? సదువు.”

“ఓ... పి... ఈ... ఆర్...”

“అలగే. ఒక్కొక్కటీ సెప్పు. కంగారేటి నేదు.”

పైడమ్మ గుమ్మంలో కూలబడి చూస్తోంది. “వదినా, నువ్వలగ ఒక్కో అచ్చరం ఏరుకుంటా ఉంటే ఇక్కడే తెల్లారిపోతాది.”

“నీకొస్తే నువ్వు సదువు.”

“నాకొస్తే నీ దగ్గరికెందుకొస్తాను?”

వరస చివరికి వచ్చాను. ఎన్, ఓ, టి. ఆ మూడూ కలిపితే ఏమిటో నాకు తెలుసు. ఆ వెనక ఎఫ్, ఓ, యూ, ఎన్, డి.

“కనబడలేదు అంటన్నాదప్పా” అన్నాడు శంకర్రావు. “తన సరుకెక్కడుందో దానికి కనబడ్డం నేదు.”

తర్వాత ఏం చెయ్యాలో చెప్పాడు. కిటికీ లేచీ లేవగానే ఒక తెల్లటి గుర్తు వస్తుంది, అప్పుడు కీబోర్డు పై వరసలో ఎఫ్ రెండు అని ఉన్న గడి నొక్కాలి. నొక్కాను. గుర్తు రెప్పపాటు కూడా ఉండలేదు. మళ్ళీ. మళ్ళీ. ఏడుసార్లు చేశాను. ఎనిమిదోసారి వేలు జారి పక్క గడి మీద పడింది. ప్రతిసారీ అదే నలుపు, అదే వరస.

పదకొండు దాటింది. బయట ఆటోల చప్పుడు ఆగిపోయింది. పెంకుల మీద చినుకులు. అంతే.

“పొద్దున్న మొదటి బస్సుకి వచ్చేస్తానప్పా” అన్నాడు.

“ఎన్నింటికి దిగుతావు?”

“ఎనిమిదవ్వుద్ది.”

ఎనిమిదికి నంబరు దొరికితే పదకొండుకి కాలు ఎక్కడిది? పైడమ్మ నా మొహం చూసింది. ఆమెకి అర్థమైపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకి ఒరిగి కళ్ళు మూసుకుంది.

ఫోను ఇంకా నా చెవి దగ్గరే ఉంది. లైనులో గరగర. తర్వాత శంకర్రావు అన్నాడు... ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

“అప్పా, విను. పని ఒక్కటే. బూట్ ఆర్డరు మార్చాల. మొదటున్నది తప్పు. నానే మజ్జాన్నం తొందర్లో అలగ ఒగ్గేసినాను. రెండోది తీసి మొదట పెట్టు. సాలు. దానంతటదే—”

ఫోను తెగిపోయింది. మళ్ళీ చేస్తే కలవలేదు.

నేను రాక్ వైపు చూశాను.

మధ్యాహ్నం బూట్లు దించి మళ్ళీ పెట్టింది అతనే. తొందరలోనే పెట్టాడు. చూస్తే నిజమే... వరస మారిపోయి ఉంది. మొదట ఎవరిదో ఎడమ బూటు ఉంది. అప్పలసామి మేస్త్రిది రెండోది అయిపోయింది. ఆయనది ఒకటో నంబరు కదా. జాబితా ఆయన దగ్గరే కదా మొదలయ్యేది. అందుకే కనబడలేదంటోంది అనుకున్నాను. నాకది తిన్నగానే తోచింది. ఇప్పుడు మీకు నవ్వొస్తే నవ్వండి. బూటంటే నాకు తెలిసింది అదొక్కటే.

లేచాను.

మొదటి బూటు తీసి చంకలో పెట్టుకున్నాను. రెండోదాని మీద చెయ్యి వేశాను. రబ్బరు వెచ్చగా ఉంది. దీపం సరిగ్గా దాని నెత్తినే ఉంటుంది, అందుకే అయ్యుండాలి. రెండు చేతులతో ఎత్తాను. మెల్లగా... మొదటి చోట పెట్టాను. చంకలోది తీసి పక్కన పెట్టాను. మడమలు రెండూ ఒక వరసకి సర్దాను.

చెయ్యి తీసేశాను.

టిక్.

నేను కదల్లేదు.

టిక్.

తర్వాత... కిర్ర్ర్... గింజలు విసిరినట్టు. పొడుగ్గా. పదేళ్లు విన్న చప్పుడు. ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేను. బల్ల కిందనుంచి అనిపించింది. వంగి చూశాను. పాత పెట్టె అక్కడే ఉంది. దాని తీగ దాని చుట్టూనే చుట్టి ఉంది, ప్లగ్గు నేల మీద పడి ఉంది. పెట్టె మీద చెయ్యి వేశాను. వణుకు లేదు. చల్లగా ఉంది.

ఒక టిక్. ఇంకేం లేదు.

తలెత్తాను. నల్ల కిటికీలో నాలుగు రంగుల జెండా.

నేను ఏ గడీ నొక్కలేదు. బల్ల మీద చెయ్యే పెట్టలేదు.

“వదినా.” పైడమ్మ గొంతు. కళ్ళు తెరిచి ఉంది. “నువ్వేనా నడిసింది?”

“ఎక్కడ?”

“ఆ రాక్ కాణ్ణుంచి బల్ల దాకా. ఒక అడుగు గట్టిగా... ఒకటి మెల్లగా. ఒక అడుగు ఈడ్సినట్టు.”

“సప్పుడు మొదలైనప్పుడు నాను రాక్ కాడే ఉన్నాను. అది కంప్యూటరు సప్పుడు.”

“నడిసిన సప్పుడు నాకు తెల్దేటి? మీ తమ్ముడు పదేళ్లుగా అలగే నడుస్తన్నాడు. సెక్కకాలు అడుగు నాకు తెల్దా?”

పైడమ్మ అప్పలసామి మేస్త్రిని ఎన్నడూ చూడలేదు. తమ్ముడికి కాలు కొలిచిన రోజుల్లో ఆమె పురిట్లో ఉంది. రాక్ మీద మొదటి బూటు ఎవరిదో కూడా ఆమెకి తెలియదు. నేను ఆ రాత్రి చెప్పలేదు.

భయం వేసిందా అని అడుగుతారు. వెయ్యలేదు. వేసే తీరిక లేదు. జాబితా మళ్ళీ పోతుందేమో అని గబగబా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఈ, ఆర్, ఆర్, ఏ... వేలు తెర మీద పెట్టి ఒక్కొక్క పేరూ దాటుకుంటూ వెళ్ళాను. తమ్ముడి పేరు దొరికింది. రెండు వందల పద్నాలుగు. పొడవు, పిక్క చుట్టు, మోకాలి చుట్టు. పెన్సిలుతో కాగితం మీద రాసుకున్నాను. ఒకసారి రాసి నమ్మకం చాలక ఇంకోసారి రాశాను. పైడమ్మ లాంతరు పట్టుకుంటే ఇద్దరం గోడౌన్లోకి వెళ్ళి మూస తీసుకొచ్చాం. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని తెల్లారేదాకా కూర్చుంది. చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది.

ఐదింటికి కూర్మారావు వచ్చాడు. పదకొండుకి ఇంకా పది నిమిషాలుందనగా కాలు ఇచ్చాడు. పైడమ్మ గోనెసంచిలో చుట్టుకుని ఆటోలో ఆమదాలవలస వెళ్ళి రైలు దగ్గర అప్పజెప్పి వచ్చింది.

పొద్దున్నే శంకర్రావుకి ఫోన్ కలిసింది. “వచ్చేసిందయ్యా. నువ్వు రానక్కర్నేదు. రెండోది తీసి మొదట పెట్టేశాను” అన్నాను. “అబ్బ, గట్టిదానివప్పా” అని మెచ్చుకున్నాడు. నేనూ పొంగిపోయాను. ఇద్దరం ఒకే సంగతి మాట్లాడుకుంటున్నాం అనుకున్నాం.

ఐదో రోజు తమ్ముడు ఫోన్ చేశాడు. వెనక ఇంజను చప్పుడు.

“కాలు సరిపోయిందేట్రా?”

“సరిపోయిందప్పా. బోటు మీదే ఉన్నాను. ఇప్పుడే అన్నం దించినాను. పాతదానికంటే ఇదే బాగున్నాది. తొడిగిన్నాడే నడిసేసినాను.”

ఆ మాట వినడానికే కదా ఆ రాత్రంతా. పక్కన పైడమ్మ ఫోను లాక్కుని వాణ్ణి నాలుగు తిట్టింది, కాలు జాగర్త అని.

తర్వాతి ఆదివారం శంకర్రావు వచ్చాడు, మిగిలిన పని చూసుకోడానికి. కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఏవో తెరిచాడు. ఆగాడు. మళ్ళీ తెరిచాడు.

“అప్పా, ఆ రోజు ఏ గడి నొక్కి మార్చినావు?”

“గడి నొక్కలేదు నాయనా. సేత్తోనే మార్చాను.”

“సేత్తో ఏటి?”

రాక్ చూపించాను. అతను మొదట నవ్వబోయాడు. బూట్ అంటే కంప్యూటరు నిద్ర లేవడం అట. లోపల సరుకు దాచుకునే డిస్కులు రెండున్నాయి, ఒకటి మరమ్మతుకి తను తగిలించింది. లేచేటప్పుడు ఏది ముందు చూడాలో ఆ వరసే బూట్ ఆర్డరు. అది మార్చమన్నాడు. నేను మార్చింది ఇది.

“మరి ఇప్పుడు నడుస్తన్నాది కదా” అన్నాను.

“అదే సూస్తన్నాను.” తెర నా వైపు తిప్పాడు. “ఇక్కడ ఏటీ మారలేదప్పా. నాను ఒగ్గేసినట్టే, తప్పుదే మొదట ఉన్నాది. ఇలగ ఉంటే ఇది లేవకూడదు.”

ఆపి మళ్ళీ లేపాడు. జెండా వచ్చింది. ఇంకోసారి. వచ్చింది. కొన్నిసార్లు అలా జరగొచ్చేమో అన్నాడు, మొదటిదాన్ని చూసి కాదని రెండోదానికి వెళ్ళిందేమో. అతని మాట మీద అతనికే నమ్మకం లేదు.

నేను చప్పుడు సంగతి చెప్పాను. బల్ల కింద పెట్టె చూపించాను.

అతను పెట్టె బయటికి లాగి మూత తీశాడు. లోపల ఒకచోట ఖాళీ. ఇటుక పట్టేంత ఖాళీ.

“ఆ సప్పుడు సేసేది పాతదాని డిస్కు. దాన్ని నాను ఆ సాయంత్రమే ఇప్పి సంచిలో ఏసుకుని ఎల్లిపోయినాను. నువ్వు నాతో ఫోన్లో మాట్లాడినప్పుడు అది విజయనగరంలో నా మంచం కింద ఉన్నాది.”

టీ తెచ్చి ఇచ్చాను, తాగాడు.

తర్వాత లేచి రాక్ దగ్గరికి వెళ్ళాడు. నాకు తెలిసింది ఏం చెయ్యబోతున్నాడో. ఆ రెండు బూట్లూ మళ్ళీ అటూ ఇటూ చేసి చూద్దామని. చెయ్యి చాపాడు. మొదటి బూటుకి జానెడు దూరంలో అతని చెయ్యి ఆగింది.

దించేశాడు.

“ఒద్దులే అప్పా. నడుస్తన్నాది కదా” అన్నాడు. కంప్యూటర్లో వరస కూడా మార్చలేదు. సంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రెండేళ్లు ఆ కేంద్రంలో ఉన్నాను. పైడమ్మ ఇప్పటికీ నడిచిన చప్పుడే అంటుంది. నేను కంప్యూటరు చప్పుడే అంటాను. అసలు ఎవరూ నడవలేదేమో, ఏదీ మోగలేదేమో, రాత్రంతా మేలుకున్న ఇద్దరు ఆడవాళ్ళ చెవులేమో. అదీ అనుకుని చూశాను. కానీ జెండా వచ్చింది. నంబరు రాసుకున్నాను. తమ్ముడు నడుస్తున్నాడు.

ఆ రెండేళ్లూ రాక్ తుడిచేటప్పుడు బూట్లన్నీ ఒకేసారి దించలేదు. ఒక్కొక్కటే తీసేదాన్ని. దాని చోటు తుడిచేదాకా దాన్ని చేతిలోనే పట్టుకునేదాన్ని. అక్కడే పెట్టాక రెండోది తీసేదాన్ని.

మొదటిదాన్ని మాత్రం ఎత్తకుండానే చుట్టూ తుడిచేదాన్ని.